అపరాల మొక్కలలో జీనోము పరిమాణం – పంటకాలం

ప్రతి జీవకణంలోను ఆ జీవి నిర్మాణానికి కావలసిన సమాచారం డి.ఎన్.ఏ. అనే సన్నని పోగులో నిక్షిప్తమై ఉంటుంది. ఒక జాతికి సంబంధించిన ఈ సమాచారపు మొత్తాన్ని జీనోము అంటారు. దీనిని నాలుగే అక్షరాలు గల లిపిలో వ్రాసిన గ్రంథంగా భావించవచ్చును. గ్రంథం ఎంత పెద్దదో అక్షరాల లెక్కతోనే చెబుతారు. మానవుని జీనోములో సుమారు 310 కోట్ల అక్షరాలున్నవి. పెసరలో ఇవి 60 కోట్ల లోపు. శనగలో సుమారు 74 కోట్లు, కందిలో 83 కోట్లు, వేరుశనగలో 270 కోట్లు, బఠాణీలో 445 కోట్లు. ఉత్తరాదిన బాకలా అని పిలిచే చిక్కుడు జాతి మొక్కలో దాదాపు 1,300 కోట్లు. అనగా మనిషికంటె నాలుగు రెట్లు అధికం. ఇవన్నీ ఒకే కుటుంబపు మొక్కలు కావడం గమనింపదగినది.

గ్రంథం పెద్దదైనంత మాత్రాన అందులోని విషయం ఎక్కువ కాదు. కందిలో గుర్తించిన జన్యువులు సుమారు 48 వేలు. అయిదు రెట్లు పెద్దదైన బఠాణీ జీనోములో ఉన్నవి సుమారు 45 వేలే. తక్కిన భాగంలో అత్యధికం వ్రాసిందే మరల మరల వ్రాసిన పాఠం. కొన్ని డి.ఎన్.ఏ. తునకలు తమ నకళ్లను తామే తీసుకొని, ఆ నకళ్లను జీనోములో వేరొక చోట ఇరికిస్తాయి. లక్షల సంవత్సరాలపాటు ఇట్లు పేరుకొన్న నకళ్లే బఠాణీ జీనోములో నూటికి 80 పాళ్లకు పైగా ఆక్రమించి ఉన్నవి. వేరుశనగ సంగతి వేరు. దక్షిణ అమెరికాలో రెండు అడవి జాతులు కలిసి అది ఏర్పడినది గనుక రెండింటి జీనోములూ దానిలో ఉన్నవి.

ఇక అసలు ప్రశ్న. ఇంత బరువు మోసే మొక్క నెమ్మదిగా పెరుగుతుందా? ఒక కణం రెండుగా చీలవలెనంటే మొదట తనలోని డి.ఎన్.ఏ. మొత్తాన్ని తిరిగి వ్రాసుకొనవలెను. అక్షరాలు పెరిగిన కొద్దీ కణవిభజనకు పట్టే కాలమూ పెరుగుతుందని 1963లోనే వేరు కొనలపై జరిపిన పరిశీలనలలో తేలినది. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో పనిచేసిన మైకేల్ బెన్నెట్ 1972లో గుల్మజాతి మొక్కల జీవితకాలాలను, డి.ఎన్.ఏ. పరిమాణాలను ఒకచోట చేర్చి పోల్చి చూచెను. కొద్ది వారాలలో మొలిచి, పూచి, కాచి, గింజ రాల్చే మొక్కలలో పెద్ద జీనోములు కనబడలేదు. ఏళ్ల తరబడి బ్రతికే మొక్కలలో మాత్రం చిన్నవీ ఉన్నవి, పెద్దవీ ఉన్నవి.

ఈ రెండవ వాక్యాన్ని చాలామంది వదలివేస్తారు. జీనోము పరిమాణం మొక్క వేగానికి ఒక గరిష్ఠ హద్దును విధిస్తుందే తప్ప ఆయుర్దాయాన్ని నిర్ణయించదు. ఖేసరి పప్పు చేరిన లాథిరస్ ప్రజాతిలో ఏకవార్షికాలకంటె బహువార్షికాలలో సాధారణంగా డి.ఎన్.ఏ. ఎక్కువగా కనిపిస్తుంది, బెన్నెట్ మాట అక్కడ చక్కగా అతుకుతుంది. కాని దేవకాంచనం చెట్టు జీనోము 35 కోట్ల అక్షరాల లోపే. దానికి నలభై రెట్ల వరకు బరువు మోసే బాకలా ఒక్క శీతకాలంలో పంట ముగిస్తుంది. మన చేలనే చూడండి: 270 కోట్ల వేరుశనగ సుమారు నాలుగు నెలలలో ఇంటికి వస్తుంది, 83 కోట్ల కంది ఆరు నెలలు చేనిలోనే నిలిచి ఉంటుంది.

కంది విషయం కొంత విపులంగా చెప్పుకొనవలెను. దీనిని కన్నడిగులు తొగరి అని, మరాఠీలు తూర్ అని, తమిళులు తువరై అని అంటారు. కలబురగి కందికి 2019లోను, హద్దుకు ఇవతలి తాండూరు కందికి 2022లోను భౌగోళిక గుర్తింపు లభించినది. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ నాయకత్వంలోని బృందమూ, భారతీయ వ్యవసాయ పరిశోధనా మండలి శాస్త్రజ్ఞులూ వేర్వేరుగా కంది జీనోమును చదివి 2011లో వెల్లడించిరి. ఉభయులూ ఎన్నుకొన్నది 1993లో విడుదలైన ఆశ (ఐ.సి.పి.ఎల్. 87119) అనే రకాన్నే.

ఈ ఆశ సుమారు 170 రోజుల పంట. 1986లో విడుదలైన ప్రగతి (ఐ.సి.పి.ఎల్. 87) సుమారు 120 రోజులకే కోతకు వస్తుంది. ఈ తేడాకు కారణం జీనోము పరిమాణం కాదు. పూత ఎప్పుడు రావలెనో నిర్ణయించే కొన్ని జన్యువులలోని భేదం. స్వభావరీత్యా కంది బహువార్షికపు పొద. పెరటిలో కోయక వదలిన చెట్టు రెండు మూడేళ్లు కాయడం మన పెద్దలకు తెలిసినదే. పైగా ఇది పగటి నిడివిని పసిగట్టే మొక్క. పగలు తగ్గి రాత్రి పెరిగిననాడే పూతకు వస్తుంది. జూన్‌లో విత్తిన ఆశ పొడుగు పగళ్లలో ఆకూ కొమ్మా పెంచుకొంటూ కాలం గడుపుతుంది. అదే విత్తనాన్ని అక్టోబరులో వేసినచో మొక్క పొట్టిగా ఉండగానే పూస్తుంది, పంటకాలం బాగా కుదించుకొనిపోతుంది. డి.ఎన్.ఏ.లో ఒక్క అక్షరమూ మారలేదు. స్వల్పకాలిక రకాలలో ఈ పగటి పట్టింపు తక్కువ.

తేమ నిలిచే లోతైన నల్లరేగడిలో ఆశవంటి రకం వానలు వెనుదిరిగిన తరువాత కూడా తట్టుకొని కాయ నింపుకొంటుంది. పలుచని ఎర్రనేలలో వేసినచో సరిగా పూతా పిందె వేళకే బెట్టకు చిక్కుతుంది. అక్కడ 120 రోజుల రకమే మేలు. కాబట్టి విత్తనం కొనునపుడు అడుగవలసినవి రెండు: ఇది ఎన్ని రోజుల రకం, ఆ లెక్క ఏ నెల విత్తుకు చెప్పినది. జూన్ విత్తుకు చెప్పిన 170 రోజులు అక్టోబరు విత్తుకు వర్తించవు.