దృశ్య నాణ్యతా, చలన వేగమా: కన్సోల్ వీడియో గేముల చరిత్రలో ఒక సర్దుబాటు

1. పరిచయం

థియేటరులో మీరు చూసే సినిమా సెకనుకు 24 నిశ్చల చిత్రాల వరుస. వీడియో గేము కూడా అలాంటి వరుసే. అయితే సినిమా చిత్రాలు ముందే తీసి పెట్టినవి. గేములో మాత్రం ప్రతి చిత్రాన్నీ మీరు బటన్ నొక్కిన తీరును బట్టి యంత్రం అప్పటికప్పుడు గీయాలి. ఇలా గీసే ఒక్కొక్క చిత్రాన్ని 'ఫ్రేమ్' అనీ, సెకనుకు ఎన్ని ఫ్రేములు గీస్తుందో ఆ సంఖ్యను 'ఫ్రేమ్ రేటు' అనీ అంటారు.

ఒక చిన్న లెక్క చేయండి. సెకనుకు 60 ఫ్రేములు కావాలంటే ఒక్కో ఫ్రేముకు దొరికే సమయం సుమారు 16.7 మిల్లీసెకన్లు. 30 చాలనుకుంటే అది 33.3 మిల్లీసెకన్లకు పెరుగుతుంది. రెట్టింపు సమయం దొరికితే నీడలు, వెలుగులు, చెట్ల ఆకులు మరింత వివరంగా గీయవచ్చు. కానీ కదలికలో నునుపు తగ్గుతుంది; బటన్ నొక్కడానికీ తెరపై ఫలితం కనబడటానికీ మధ్య ఆలస్యం పెరుగుతుంది. నెల జీతం ఒకటే అయినప్పుడు ఒక పద్దు పెరిగితే మరొకటి తగ్గించుకోక తప్పదు కదా! ఇదీ అంతే.

యంత్రాల శక్తి ఎన్నో రెట్లు పెరిగినా ఈ సమస్య ఎందుకు తీరలేదు? దీన్ని ఏ కాలంలో ఎవరు నిర్ణయించారు? ఈ పాఠంలో మనం పరిశీలించే ప్రశ్నలు ఇవే.

2. టెలివిజన్ శాసించిన కాలం

1977లో అమెరికాలో విడుదలైన అటారీ 2600లో ఉన్న మెమరీ 128 బైట్లు మాత్రమే. ఒక పూర్తి చిత్రాన్ని దాచుకోవడానికి అది చాలదు. అందువల్ల టీవీ తెరపై కిరణం ఒక్కో గీతను గీస్తూ ఉండగానే, ఆ గీతలో ఏముండాలో ప్రోగ్రాము అందించవలసి వచ్చేది. కిరణం ఎవరి కోసమూ ఆగదు. కాబట్టి వేగం తగ్గించుకునే వీలు లేక, చిత్రాన్నే తగ్గించుకున్నారు. 1982లో ఈ యంత్రానికి వచ్చిన 'ప్యాక్-మ్యాన్'లో నాలుగు దయ్యాలను ఒకేసారి గీయకుండా, ఫ్రేముకు ఒకటి చొప్పున వంతులవారీగా గీశారు. ఫలితంగా అవి మిణుకుమిణుకుమంటూ కనిపించాయి.

టీవీ ప్రమాణాలు దేశాన్ని బట్టి మారేవి. అమెరికా, జపాన్ టీవీలు సెకనుకు 60 సార్లు తెరను నింపితే, ఐరోపాలోని ప్యాల్ పద్ధతి టీవీలు 50 సార్లే నింపేవి. 1982లో మన దూరదర్శన్ రంగుల ప్రసారాలకు తీసుకున్నది కూడా ప్యాల్ పద్ధతినే. 60కి తగినట్లు రాసిన గేమును మార్పులు చేయకుండా 50పై నడిపితే ఆటే ఆరో వంతు నెమ్మదిస్తుంది. 1991 నాటి 'సోనిక్ ది హెడ్జ్‌హాగ్'ను ఐరోపా పిల్లలు ఈ విధంగా నెమ్మదిగానే ఆడారు. చాలామందికి ఆ సంగతి తెలియదు కూడా. పోల్చి చూసే అవకాశం లేనప్పుడు లోటు లోటుగా కనిపించదని గమనించండి.

3. ఒకే యంత్రం, రెండు నిర్ణయాలు

1990వ దశకంలో త్రిమితీయ దృశ్యాలు వచ్చాయి. నిర్ణయం టీవీ చేతి నుండి రూపకర్త చేతికి మారింది. దీనికి చక్కని ఉదాహరణ 1998లో దొరుకుతుంది. ఆ ఏడాది నింటెండో సంస్థ తన నింటెండో 64 యంత్రానికే రెండు గేములను విడుదల చేసింది. 'ఎఫ్-జీరో ఎక్స్' పందెపు ఆట. 30 వాహనాలు ఒకేసారి పరుగెత్తాలి, అదీ సెకనుకు 60 ఫ్రేములతో. అందుకోసం వాహనాలను, పరిసరాలను చాలా సాదాగా ఉంచారు. 'ది లెజెండ్ ఆఫ్ జెల్డా: ఒకరినా ఆఫ్ టైమ్' విశాలమైన లోకంలో సాగే సాహసగాథ. అది సెకనుకు 20 ఫ్రేములకు మించి నడవలేదు. అయినా ప్రపంచంలోని గొప్ప గేములలో ఒకటిగా నేటికీ దానికి పేరుంది.

యంత్రం ఒకటే, సంవత్సరం ఒకటే, సంస్థ ఒకటే; ఫలితాలు వేరు. కాబట్టి సాంకేతిక పరిజ్ఞానమే చరిత్రను నడిపిస్తుందన్న వాదన ఇక్కడ నిలబడదు. యంత్రం హద్దులు గీస్తుంది. ఆ హద్దుల్లో దేన్ని ఎంచుకోవాలో మనుషులే నిర్ణయిస్తారు.

4. ఆధారాలను ఎలా చదవాలి?

2005 తరువాత హైడెఫినిషన్ టీవీలు ఇళ్ళలోకి వచ్చాయి. పత్రికల్లో, గేము అట్టపెట్టెల మీద అచ్చయ్యేవి నిశ్చల చిత్రాలు. నిశ్చల చిత్రం నీడలను చూపగలదు, ఫ్రేమ్ రేటును చూపలేదు. కొనుగోలుదారు కంటికి ముందుగా కనబడేది దృశ్య నాణ్యతే. ఆ తరం కన్సోళ్ళలో చాలా పెద్ద గేములు 30 ఫ్రేములతో సరిపెట్టుకోవడానికి ఇదొక కారణమని నా అభిప్రాయం.

దీనికి భిన్నంగా నడిచినవీ ఉన్నాయి. 2007లో వచ్చిన 'కాల్ ఆఫ్ డ్యూటీ 4' 60 ఫ్రేములను లక్ష్యంగా పెట్టుకుంది. అందుకు మూల్యంగా 1280×720కి బదులు 1024×600 పిక్సెళ్ళతోనే చిత్రాన్ని గీసింది. గుణించి చూడండి, అది సరిగ్గా మూడింట రెండు వంతులు. ఈ త్యాగాన్ని గమనించినవారు తక్కువ. చేతికి తెలిసిన చురుకుదనాన్ని మాత్రం ఆటగాళ్ళు మెచ్చుకున్నారు.

చరిత్ర విద్యార్థులుగా మీరు ఇక్కడ నేర్చుకోవలసినది ఒకటుంది. పాత గేములను ఫోటోలు చూసి అంచనా వేస్తే సగం చరిత్రే తెలుస్తుంది. నాట్యాన్ని శిల్పంలో చూసి తాళాన్ని ఊహించలేనట్లే, ఒక్క చిత్రం చూసి కదలికను ఊహించలేం. ప్రతి ఆధారాన్నీ అది ఏం చెబుతోందనే కాక, ఏం చెప్పలేదో కూడా అడగాలి.

5. ఆటగాడి చేతికి వచ్చిన నిర్ణయం

4కె తెరలో సుమారు 83 లక్షల పిక్సెళ్ళుంటాయి. 1920×1080 తెరకు ఇది నాలుగు రెట్లు. యంత్రానికి పెరిగిన శక్తిలో చాలా భాగాన్ని కొత్త తెరే మింగేసింది. 2020 నవంబరులో ప్లేస్టేషన్ 5తో పాటు వచ్చిన 'డీమన్స్ సోల్స్' ఆటగాడికి రెండు దారులు చూపింది: 4కె స్పష్టతతో 30 ఫ్రేములు, లేదా స్పష్టత తగ్గించుకొని 60 ఫ్రేములు. ఇటువంటి ఎంపిక తరువాత చాలా గేములలో మామూలైపోయింది.

2024 సెప్టెంబరులో ప్లేస్టేషన్ 5 ప్రోను పరిచయం చేస్తూ దాని ప్రధాన రూపశిల్పి మార్క్ సెర్నీ, ఎంపిక ఇచ్చినచోట ఆటగాళ్ళు సుమారు నాలుగింట మూడు వంతులు వేగం వైపే మొగ్గుతున్నారని చెప్పారు. ఈ మాట విలువైన ఆధారమే. అయితే అది రెండింటినీ కలిపి ఇస్తామంటూ కొత్త యంత్రాన్ని అమ్మజూపే సందర్భంలో చెప్పినదని మరువకండి.

6. సారాంశం

ఈ సర్దుబాటును మొదట టీవీ, తరువాత రూపకర్త, మార్కెట్, చివరకు ఆటగాడు నిర్ణయించారు. శక్తి పెరిగిన ప్రతిసారీ కోరికా పెరిగింది. అందుకే సమస్య తీరలేదు, చేతులు మాత్రం మారింది. ఈసారి మీ ఇంట్లో ఎవరైనా గేము సెట్టింగులలో ఈ రెండింటి మధ్య తటపటాయిస్తుంటే, దాదాపు యాభై ఏళ్ళ చర్చలో వారూ పాలుపంచుకుంటున్నారని గుర్తుంచుకోండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. అటారీ 2600లో వేగం కాక చిత్రమే ఎందుకు రాజీపడవలసి వచ్చింది?
2. 1998 నాటి రెండు గేముల ఆధారంగా సాంకేతిక నిర్ణయవాదాన్ని విమర్శించండి.
3. నిశ్చల చిత్రాన్ని చారిత్రక ఆధారంగా వాడటంలోని పరిమితులను వివరించండి.