విజయనగరం మహారాజకుమారుని జట్టు

విజయనగరం మహారాజకుమారుని జట్టు 20వ శతాబ్దపు తొలి భాగంలో భారతదేశంలో ఆడిన ఒక సొంత క్రికెట్ జట్టు. పూసపాటి రాజవంశానికి చెందిన విజయ ఆనంద గజపతి రాజు (1905 - 1965) దీనిని ఏర్పరచి, పోషించి, నాయకత్వం వహించాడు. క్రికెట్ లోకంలో ఆయన "విజ్జీ" అనే పొట్టి పేరుతో ప్రసిద్ధుడు. ఆంగ్ల క్రికెట్ గ్రంథాలలో ఈ జట్టు పేరులోని ఊరిని "విజియానగ్రమ్" అని రాస్తారు. హంపి విజయనగర సామ్రాజ్యంతో దీనికి సంబంధం లేదు. ఇది ఉత్తరాంధ్రలోని విజయనగరం.

నేపథ్యం

పేరు విజయనగరానిదే అయినా జట్టు పుట్టినది కాశీలో. విజయనగరం సంస్థానాధీశులకు కాశీలో భవనాలు, ఆస్తులు ఉండేవి. 1922లో తండ్రి విజయరామ గజపతి రాజు మరణించగా గద్దె పెద్ద కుమారుడైన అలక నారాయణ గజపతి రాజుకు వచ్చింది. రెండవ కుమారుడైన విజ్జీ కాశీకి నివాసం మార్చుకున్నాడు. అజ్మీరులోని మేయో కళాశాలలోను, ఇంగ్లండులోని హెయిలీబరీలోను చదువుకున్న ఆయనకు క్రికెట్ పై మక్కువ ఎక్కువ. 1926లో ఒక జట్టును కూర్చి, తన భవన ప్రాంగణంలోనే మైదానం కట్టించాడు.

ఆ రోజుల్లో భారత క్రికెట్ చాలావరకు సంస్థానాధీశుల ఆదరణపై నడిచేది. రంజీ ట్రోఫీ 1934లో గాని మొదలు కాలేదు. మంచి ఆటగాడికి జీతమో, కొలువో, ప్రయాణ ఖర్చులో ఇచ్చేవారు రాజులే. పటియాలా మహారాజు ఇందులో అగ్రగణ్యుడు. విజ్జీ ఆయనతో పోటీ పడ్డాడు. రాజ్యం లేని రాకుమారుడికి క్రికెట్ ఒక రాజ్యం వంటిదయింది.

1930-31 పర్యటన

1930-31లో ఎం.సి.సి. జట్టు భారతదేశానికి రావలసి ఉండగా, శాసనోల్లంఘన ఉద్యమం కారణంగా ఆ పర్యటన రద్దయింది. ఆ లోటును విజ్జీ తన సొంత ఖర్చుతో పూరించాడు. ఇంగ్లండుకు చెందిన జాక్ హాబ్స్, హెర్బర్ట్ సట్‌క్లిఫ్ లను రప్పించి తన జట్టులో చేర్చుకుని భారతదేశంలోను, సింహళంలోను (నేటి శ్రీలంక) పర్యటించాడు. అప్పట్లో ప్రపంచంలో అంతటి పేరున్న ఓపెనింగ్ జంట మరొకటి లేదు. నాగపూరులో స్థిరపడిన తెలుగు కుటుంబానికి చెందిన సి.కె.నాయుడు, అప్పటికి బాలుడైన ముస్తాక్ అలీ వంటి వారు కూడా ఈ జట్టుకు ఆడారు. హాబ్స్ దైవభక్తి గలవాడు కావడంతో ఆదివారాలు ఆడేవాడు కాదు.

ఈ పర్యటన గణాంకవేత్తలకు నేటికీ ఒక చిక్కు. ఫస్ట్ క్లాస్ క్రికెట్ లో అత్యధిక శతకాల రికార్డు హాబ్స్ ది. విజ్డెన్ లెక్క ప్రకారం అవి 197. మరికొందరు గణాంకవేత్తల లెక్కలో 199. ఈ రెండు శతకాల తేడా విజ్జీ జట్టు తరఫున హాబ్స్ చేసినవే. ఆ పోటీలను ఫస్ట్ క్లాస్ గా గుర్తించాలా వద్దా అనేదే వివాదం. సట్‌క్లిఫ్ శతకాలు కూడా ఇదే కారణంగా ఒక చోట 149, మరొక చోట 151 గా కనిపిస్తాయి. కాబట్టి పాఠకులకు రెండు పుస్తకాలలో రెండు అంకెలు కనిపిస్తే అది అచ్చుతప్పు కాదు.

ఎం.సి.సి.పై విజయం

1933-34లో డగ్లస్ జార్డిన్ నాయకత్వంలోని ఎం.సి.సి. జట్టు భారతదేశంలో పర్యటించింది. భారత గడ్డపై మొట్టమొదటి టెస్టు పోటీలు ఈ పర్యటనలోనే జరిగాయి. మూడు టెస్టులలో భారత్ ఒక్కటి కూడా గెలవలేదు. అయితే 1934లో కాశీలో జరిగిన పోటీలో విజ్జీ జట్టు ఎం.సి.సి.ని 14 పరుగుల తేడాతో ఓడించింది. ఫాస్ట్ బౌలర్ మహమ్మద్ నిస్సార్ ఈ గెలుపులో ముఖ్య పాత్ర వహించాడు. భారతదేశంలో ఎం.సి.సి.కి ఆ పర్యటనలో ఎదురైన ఓటమి ఇదొక్కటే. జట్టు చరిత్రలో ఇది అత్యున్నత ఘట్టం.

భారత జట్టు నాయకత్వం

ఈ జట్టు తెచ్చిన పేరు, బోర్డుకు ఇచ్చిన విరాళాలు, వైస్రాయి విల్లింగ్డన్ తో సాన్నిహిత్యం కలిసి 1936లో విజ్జీని ఇంగ్లండు పర్యటనకు భారత జట్టు నాయకుడిని చేశాయి. సొంత జట్టుకు నాయకత్వం వహించడం వేరు, దేశానికి వహించడం వేరు. తన జట్టులో ఆటగాళ్ళు ఆయన పోషణలో ఉన్నవారు. ఇక్కడ సి.కె.నాయుడు వంటి, తనకంటే ఎంతో మేటి ఆటగాళ్ళు ఉన్నారు. జట్టు వర్గాలుగా చీలింది. మంచి ఫామ్ లో ఉన్న లాలా అమర్‌నాథ్ ను మొదటి టెస్టుకు ముందే క్రమశిక్షణ పేరుతో స్వదేశానికి తిప్పి పంపారు. మూడు టెస్టులలో భారత్ రెండు ఓడి, ఒకటి డ్రా చేసుకుంది. మాంచెస్టర్ లో జరిగిన ఆ డ్రా టెస్టులో విజయ్ మర్చంట్, ముస్తాక్ అలీ మొదటి వికెట్ కు 203 పరుగులు జోడించారు. విజ్జీ మూడు టెస్టులలో చేసిన మొత్తం పరుగులు 33, సగటు 8.25. పర్యటనపై విచారణ జరిపిన బ్యూమాంట్ సంఘం 1937లో విజ్జీ నాయకత్వాన్ని తప్పుపట్టి, అమర్‌నాథ్ ను నిర్దోషిగా తేల్చింది.

తరువాతి కాలం

ఆ తరువాత విజ్జీ ఆటగాడిగా కంటే నిర్వాహకుడిగా పేరు పొందాడు. 1954 నుండి 1957 వరకు భారత క్రికెట్ బోర్డు అధ్యక్షుడిగా పనిచేశాడు. 1958లో పద్మభూషణ్ పురస్కారం లభించింది. 1960 నుండి మరణించే వరకు విశాఖపట్నం లోక్‌సభ సభ్యుడు. విశ్వవిద్యాలయాల జోనల్ జట్ల మధ్య జరిగే పోటీకి విజ్జీ ట్రోఫీ అని పేరు పెట్టారు.

విజయనగరం పట్టణానికి ఈ జట్టు ఘనత చాలావరకు పేరు రూపంలోనే దక్కింది. ఆంధ్ర జట్టు రంజీ ట్రోఫీలో ప్రవేశించినది 1953-54లో. అప్పటికి సొంత జట్ల కాలం ముగిసింది. విజయనగరంలోని క్రీడా మైదానానికి ఆయన పేరు మీదనే విజ్జీ స్టేడియం అని పేరు.