సరసం, విరసం

పెద్ద హోటల్ వంటగది. షెఫ్‌కూ, వైన్ ఎంచి వడ్డించే సొమెలియేకూ క్షణం పడదు. చివరికి ఆ పొయ్యి సెగలోనే ఇద్దరూ ఒకరి కౌగిట్లో ఒకరు కరిగిపోతారు. ఇలాంటి ప్రేమనవలలంటే నాకు ఇష్టం. ఆ కథంతా తెలుగులో రెండు మాటల్లో ఉంది: విరసం, సరసం.

రెండింటికీ మూలం సంస్కృత 'రసం'. పండు పిండితే వచ్చేదీ, నాలుకకు తగిలే రుచీ, మనసుకెక్కే శృంగారమూ రసమే. తెలుగు బైబిల్లో వైన్‌ను ద్రాక్షారసమనే అన్నారు. నాట్యశాస్త్రంలో భరతుడు రసాన్ని వివరించడానికి వంటనే ఎత్తుకున్నాడు: రకరకాల వ్యంజనాలు కలిస్తే రుచి పుట్టినట్టు, భావాలు కలిస్తే రసం పుడుతుందన్నాడు.

రసం ఉంటే సరసం, లేకపోతే విరసం. ఆ తేడా తెలియాలంటే కొత్త ఎర్ర వైన్ ఉత్తినే తాగి చూడండి. అందులోని టానిన్లనే వగరు పదార్థాలు లాలాజలంలోని ప్రోటీన్లను పట్టేయడంతో నోరంతా వగరుతో బిగుసుకుంటుంది. కొవ్వున్న మాంసం ముక్క నమిలి మళ్లీ గుక్క వేస్తే అదే వైన్ మెత్తగా దిగుతుంది.

సరసం ముదిరితే విరసమవుతుందని మనవాళ్లు హెచ్చరిస్తారు. ఈ నవలలు ఎదురుదారిలో నడుస్తాయి. అంగట్లో మాత్రం 'సరసం' అనే మాటకు శృంగారంతో పనిలేదు, అందుబాటులో ఉంటే చాలు, 'సరసమైన ధర' అంటాం.