విస్తరించే విశ్వానికి హద్దు ఎక్కడ? క్వాంటం గురుత్వాకర్షణ, హోలోగ్రఫీ: ఒక పరిచయం

భిలాయ్: కొలిమిలో ఇనుము రంగును బట్టి దాని వేడిని అంచనా వేయడం ఉక్కు కార్మికులకు తెలిసిన విద్య. వేడెక్కిన వస్తువు ఏ రంగు కాంతిని ఎంత వెదజల్లుతుందన్న ప్రశ్నకు 1900లో మాక్స్ ప్లాంక్ ఇచ్చిన సమాధానం నుంచే క్వాంటం సిద్ధాంతం పుట్టింది. 1959 ఫిబ్రవరి 4న తొలి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభమైన ఈ ఉక్కు నగరంలో ఇప్పుడు ఐఐటీ కూడా ఉంది. విశ్వానికే ఒక ఉష్ణోగ్రత ఉందా అన్నది ఆ పాత ప్రశ్నకు కొనసాగింపే.

వైశాల్యమే కొలత

కృష్ణబిలపు ఎంట్రోపీ దాని ఘనపరిమాణాన్ని కాక ఉపరితల వైశాల్యాన్ని అనుసరిస్తుందని జేకబ్ బెకెన్‌స్టీన్ ప్రతిపాదించారు. కృష్ణబిలాలు వేడిని వెలువరిస్తాయని 1974లో స్టీఫెన్ హాకింగ్ చూపడంతో ఆ ఊహకు బలం చేకూరింది. గాదెలో ఎంత ధాన్యం పడుతుందో లోపలి చోటు కాక గోడల వైశాల్యం నిర్ణయించినంత వింత ఇది. లోపలి సమాచారమంతా హద్దు మీదే ఉండవచ్చన్న హోలోగ్రఫీ సూత్రాన్ని 1993లో గెరార్డ్ టి హూఫ్ట్ ప్రతిపాదించగా, లెనార్డ్ సస్కిండ్ విస్తరించారు. 1997లో హువాన్ మాల్దసేనా దానికి కచ్చితమైన గణిత రూపమిచ్చారు.

చిక్కు ఎక్కడ?

మాల్దసేనా నమూనా ప్రతి-డి సిట్టర్ విశ్వానికి చెందినది. దానికి స్థలపరమైన హద్దు ఉంది. ఆ హద్దు వద్ద కాలమూ నడుస్తుంది. మన విశ్వం అలాంటిది కాదు. దాని విస్తరణ వేగం పుంజుకుంటోందని 1998లో సూపర్‌నోవాల పరిశీలన తేల్చింది. అలాంటి డి సిట్టర్ తరహా విశ్వంలో హద్దు సుదూర భవిష్యత్తులోనే ఉంటుంది. ఆ హద్దునే ఆధారం చేసుకొని 2001లో ఆండ్రూ స్ట్రామింజర్ ఒక ప్రతిపాదన చేశారు. అయితే ఏ పరిశీలకుడూ ఆ హద్దును పూర్తిగా చూడలేడు.

పరిశీలకుడి చుట్టూ ఉండే విశ్వ క్షితిజానికీ ఉష్ణోగ్రత ఉంటుందని 1977లో గిబ్బన్స్, హాకింగ్ లెక్కగట్టారు. మన విశ్వం విషయంలో అది కెల్విన్ కొలమానంపై దశాంశ బిందువు తరువాత 29 సున్నాలు వేసి, ఆపై 2 రాస్తే వచ్చేంత స్వల్పం. కొలిమిలో కరిగిన ఇనుము వేడి సుమారు 1,500 డిగ్రీల సెల్సియస్.

భారతీయుల కృషి

స్ట్రింగ్ సిద్ధాంతంలో డి సిట్టర్ విశ్వాన్ని నిర్మించే మార్గాన్ని 2003లో సూచించిన నలుగురిలో ముంబయి టాటా మౌలిక పరిశోధన సంస్థకు చెందిన సందీప్ త్రివేది ఒకరు. ఆ నిర్మాణంపై చర్చ నేటికీ సాగుతోంది. విశ్వంలోని చిన్న ప్రాంతానికి చెందిన క్వాంటం సహసంబంధాలన్నీ తెలిస్తే మిగతా ప్రాంతమంతటి సహసంబంధాలూ నిర్ణయమవుతాయని 2023లో బెంగళూరులోని ఐసీటీఎస్‌కు చెందిన సువ్రత్ రాజు, సహచరులు వాదించారు. ఇది సైద్ధాంతిక ఫలితం. ఒక దూరదర్శినితో విశ్వమంతా తెలుసుకోవచ్చని దీని అర్థం కాదు.

మన విశ్వానికి సరిపోయే సంపూర్ణ హోలోగ్రఫీ సిద్ధాంతం ఇంకా రూపొందలేదు. అది సిద్ధిస్తే విశ్వారంభ ఘట్టాన్ని కూడా క్వాంటం భాషలో వివరించే దారి దొరకవచ్చు.