రాయపురం స్టేషన్ ముందు రోడ్డు

ఈ ఏడాది మా బడి చరిత్ర ప్రదర్శనకు మేం ముగ్గురం కలిసి చెన్నైలోని రాయపురం రైల్వే స్టేషన్ నమూనా చేశాం. దక్షిణ భారతదేశంలో మొదటి రైలు 1856 జూలై 1న ఇక్కడినుంచే వాలాజా రోడ్డుకు బయలుదేరింది. మన దేశంలో ఇప్పటికీ నిలిచి ఉన్న స్టేషన్ భవనాల్లో ఇదే అన్నిటికంటే పాతది.

అట్టతో గోడలు, స్తంభాలు చేసి రంగు వేశాం. అన్నీ నిజం కంటే 87 రెట్లు చిన్నవి. "1952లో రాయపురం స్టేషన్" అని బోర్డు రాశాం. ముందు రోడ్డు మీద అంబాసిడర్ కారు, బజాజ్ ఆటో బొమ్మలు పెట్టాం. పక్కన ఒక కిలోమీటరు రాయి కూడా.

చరిత్ర సార్ చూసి, "స్టేషన్ 1952ది, సరే. మరి రోడ్డు ఏ సంవత్సరానిది?" అని అడిగారు. వెతికితే మా తప్పులు బయటపడ్డాయి. అంబాసిడర్ వచ్చింది 1957లో. బజాజ్ కంపెనీకి ఆటోలు తయారుచేసే లైసెన్సు దొరికింది 1959లో. మెట్రిక్ కొలతల చట్టం 1956లో వచ్చింది. 1952లో రోడ్ల పక్కన ఉన్నవి మైలురాళ్లే. మద్రాసులో ట్రాములు మాత్రం 1953 దాకా నడిచాయి. భవనం ఏళ్ల తరబడి అట్లానే ఉంటుంది, కాలాన్ని చెప్పేది రోడ్డే అని అప్పుడు అర్థమైంది.

కారు, ఆటో తీసేసి జట్కా, ఎద్దుబండి పెట్టి తాతకు చూపించాను. "రిక్షా లేకుండా స్టేషన్ ఏందిరా? మా నాయన అక్కడే రిక్షా లాగినాడు" అన్నాడు తాత. ఈ మాట నాకు ఎప్పుడూ చెప్పలేదు. సైకిల్ రిక్షా కాదు, మనిషి చేతులతో లాగేది. స్నేహితులు ఏమనుకుంటారో అని రెండు రోజులు ఆ రిక్షా చేయలేదు. నిజం చెప్పాలంటే సిగ్గుపడ్డాను.

తర్వాత వైరుతో చక్రాలు, అగ్గిపుల్లలతో కాడి చేశాను. మనిషి బొమ్మ రెండు సెంటీమీటర్లు కూడా లేదు. తాత చూసి, "నిటారుగా నిలబెట్టినావే. బరువు లాగేవాడు ముందుకు వంగుతాడు" అన్నాడు. మళ్లీ చేశాను.

మనిషి లాగే రిక్షాలను 1973లో తమిళనాడు ప్రభుత్వం రద్దు చేసింది. అది మంచి పనే. కానీ రిక్షాతో పాటు దాన్ని లాగినవాళ్లను కూడా మరిచిపోకూడదు.

ప్రదర్శన రోజు ఒక చిన్న పాప రిక్షా చూపించి, "ఎవరన్నా ఇది?" అని అడిగింది. "మా ముత్తాత" అని అందరికీ వినపడేలా చెప్పాను.