వేటపాలెం నుంచి నడిచి సముద్రం దాకా

ఇంకా ఆరు కాలేదు. మాఘమాసపు చలి వేటపాలెం వీధుల్ని వదల్లేదు గానీ మగ్గాలు మాత్రం అప్పుడే లేచాయి. తలుపు ఓరగా తీసి ఉన్న ఇంట్లో గుంటమగ్గం ఆడుతోంది. పిల్లలు గడప దగ్గరే ఆగిపోయారు. నాడె ఎటు పరుగెడితే వాళ్ల తలలూ అటే తిరుగుతున్నాయి. గుంటలో కూర్చున్న పెద్దాయన కాలు ఆపకుండానే పలకరించాడు.

"పొద్దున్నే ఎక్కడికి బయల్దేరారు?"

"రామాపురం సముద్రం దాకా బాబాయ్. నడిచి."

"నడిచా! ఏం, ఆటోలు దొరకటంలా?"

ఈ మాట దారి పొడుగునా వింటూనే ఉంటాం. ఇక్కడ సముద్రానికి వెళ్లడమంటే కారెక్కి సూర్యలంకకో వాడరేవుకో పోయి, పాదాలు తడుపుకుని, నాలుగు ఫొటోలు దిగి, రొయ్యల వేపుడు తిని వెనక్కి రావడమే. అందులో తప్పేం లేదు. కాకపోతే ఊరికీ అలకూ మధ్య ఉన్న ఆ ఐదారు కిలోమీటర్లు కారు అద్దం వెనక పోతాయి. నన్నడిగితే పిల్లలకు చూపించాల్సింది అదే.

సారస్వత నికేతనం ముందు నుంచే మన దారి. 1918లో పుట్టిన గ్రంథాలయం, 1929లో గాంధీ వచ్చి శంకుస్థాపన చేసిన భవనం. ఇంత పొద్దున్నే తెరవరు కాబట్టి బయటి నుంచే చూసి కదులుతాం. లోపలున్న పాత పత్రికల దొంతరల గురించి చెబితే పెద్దపిల్ల కళ్లు మెరిశాయి. చిన్నాడికి మాత్రం ముక్కుపుటాలు అదిరాయి. ఎక్కడో జీడిగింజలు కాలుస్తున్నారు. ఆ వాసన తగిలాక వేటపాలెంలో ఇంకే విషయమూ పిల్లల చెవికెక్కదు. ఓ పావుకిలో గుళ్లపప్పు కొని సంచిలో పడేసుకుంటే నడకంతా మన మాట వింటారు.

ఊరు దాటాక స్ట్రెయిట్‌కట్ మీదుగా అవతలికి వస్తాం. పైనున్న మాగాణి మురుగునీళ్లను సముద్రంలోకి పంపే కాలువ అది. గట్టు మీద తెల్లకొంగలు, కరెంటు తీగ మీద లకుముకి పిట్ట. ఇక్కడి నుంచి కాళ్ల కింద నేల మారుతుంది. మొదట మట్టిలో ఇసుక, కాస్త ముందుకెళితే ఇసుకలో మట్టి, ఆ తర్వాత ఒట్టి ఇసుక. చెప్పులు చేతికొస్తాయి. పొద్దుటి ఇసుక అరికాళ్లకు చల్లగా తగులుతుంటే పిల్లలు నడక మానేసి పరుగందుకుంటారు. వాళ్ల నాయనమ్మ మాత్రం చెప్పులు విప్పలేదు. "పల్లేరుకాయలుంటయ్యి, చూసుకోండి" అని వెనకనుంచి కేకేస్తోంది. చూసుకోలేదు. రెండు గుచ్చుకున్నాయి.

ఇసుక పర్రలో పచ్చగా వేరుశనగ చేను, పక్కన వంగతోట. నీళ్లెక్కడివి? చేను మధ్యలో ఏటవాలుగా తవ్విన గుంట ఒకటుంది. దాన్ని దొరువు అంటారు. మనిషి కడవలు పట్టుకుని నేరుగా నీళ్ల దాకా దిగిపోయేలా వాలు ఉంటుంది. పెద్దపిల్ల దిగింది. దోసిట పట్టి నాలుక తడిపి చూసి, "తియ్యగా ఉన్నాయి!" అని అరిచింది. సముద్రం హోరు వినబడేంత దూరంలో మంచినీళ్లు!

మన కాళ్ల కింద జరుగుతున్న సంగతి ఇది. కురిసిన వాన ఇసుకలోకి నేరుగా దిగిపోతుంది. లోపల ఉప్పునీళ్లు ఉన్నాయి. ఉప్పునీళ్లు బరువు, వాననీళ్లు తేలిక. అందుకే మంచినీళ్లు పైన పలచటి పొరగా తేలి ఉంటాయి. ఆ పొరను మీద మీద తోడుకున్నంత కాలం దొరువు తియ్యగానే ఉంటుంది. ఆశపడి లోతుగా బోరు దించి గట్టిగా లాగితే కింద ఉన్న ఉప్పు పైకి తన్నుకొస్తుంది, తోట ఎండిపోతుంది. బాపట్లలో ఉప్పునీటి సాగు మీద పనిచేసిన వ్యవసాయ శాస్త్రవేత్తలు పాత దొరువు సూత్రాన్నే తీసుకున్నారు. ఇసుకలో అడ్డంగా చిల్లుల గొట్టాలు పరిచి, నీళ్లు మధ్యనున్న బావిలోకి ఊరేలా చేసి, పైపొరను మాత్రమే తోడే పద్ధతి తయారుచేశారు. మనం నిలబడ్డ చోట మాత్రం పాత గుంటే ఉంది, గట్టు మీద చిన్న మోటారుతో. రైతు రెండు వంకాయలు కోసి నాయనమ్మ చేతిలో పెట్టాడు. డబ్బులిస్తే తీసుకోలేదు.

ఆ తర్వాత జీడిమామిడి తోటలు. కొమ్మలు నేలకు వంగి ఉంటాయి కాబట్టి మూడేళ్ల పిల్లలు కూడా ఎక్కేస్తారు. ఇప్పుడు పూత కాలం. కాయలు కావాలంటే ఎండలు ముదరాలి. తాటిచెట్ల కింద కాల్చిన తేగలు అమ్ముతున్న అవ్వ దగ్గర కట్ట కొంటాం. తేగ చీల్చి లోపలి చందమామ తీసి ఎవరికివ్వాలన్న తగువు ఈ నడకలో తప్పదు.

సరుగుడు తోటలోకి అడుగుపెట్టగానే గాలి చప్పుడు మారిపోతుంది. సముద్రమే వచ్చేసిందనుకుని పిల్లలు పరుగెత్తారు. అది ఆకుల్లో గాలి. ఈ చెట్లు వరసలుగా ఉన్నాయంటే కారణం ఉంది. కొన్ని కలపకోసం రైతులు వేసినవి, కొన్ని తుఫాను గాలికి అడ్డుగా పెంచినవి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. ఆ గాలి ఎలా ఉండిందో ఈ పల్లెల్లో ఎవర్ని కదిపినా చెబుతారు.

తోట అయిపోయింది. ఇసుక దిబ్బ ఎక్కితే ఎదురుగా సముద్రం, మొహం మీద ఎండ.

దిబ్బ మీద ఊదారంగు పూల బాలబంద తీగ పాకి ఉంది. గుండ్రటి ముళ్లబంతులు గాలికి దొర్లిపోతున్నాయి. ఇవి రావణాసురుడి మీసాలు. ఇసుకను పట్టి ఉంచే గడ్డికి కాసిన గింజల గుత్తులే అవి. గాలి ఎటు తోస్తే అటు గిరగిరా పోతూ విత్తనం చల్లుకుంటాయి. చిన్నాడు ఒకదాని వెంటపడి వంద గజాలు పరుగెత్తాడు, అది ఆగితే వీడూ ఆగాడు, మళ్లీ అది కదిలింది. వీడికి సముద్రం గుర్తే లేదు.

కాస్త కఠినంగా చెప్పాల్సిన మాట ఒకటుంది. ఈ తీరం నడకకు మంచిది, ఈతకు కాదు. రామాపురం, వాడరేవు, సూర్యలంక మూడు చోట్లా సరదాగా దిగిన కుర్రాళ్లు మునిగిపోయిన వార్తలు చదువుతూనే ఉన్నాం. వల బాగుచేసుకుంటున్న మనిషిని అడిగితే తలెత్తకుండానే చెప్పాడు: "మోకాలు దాటనీమాకండి. పైన నీళ్లు ఒడ్డుకొస్తన్నట్టే ఉంటది. కింద ఇసకని లోపలికి లాగేస్తది." మనకు అదే చట్టం. పిల్లల చెయ్యి వదిలేది లేదు, మోకాలు దాటేది లేదు.

ఎండు ఇసుకలో నడిస్తే పిక్కలు పట్టేస్తాయి. అల వెనక్కి తగ్గిన తడి చారిక మీద నడవాలి. అక్కడ నేల గట్టిగా ఉంటుంది, ఎండ్రకాయలు కన్నాల్లోకి దూరడం కనబడుతుంది. ఉత్తరంగా వాడరేవు వైపు మళ్లుతాం. పడవల పక్కన నెత్తళ్లు ఆరబోసి ఉన్నాయి. పట్నం ముక్కులు మూసుకుంటాయి, నాయనమ్మ బేరం మొదలుపెడుతుంది.

అలల గీత నుంచి దిబ్బ వైపు ఇసుకలో రెండు వరసల గీతలు, ట్రాక్టరు చక్రం పోయినట్టు. రాత్రి గుడ్లు పెట్టడానికి వచ్చిన ఆలివ్ రిడ్లే తాబేలు జాడ అది. ఇవి ఈ తీరానికి వచ్చే నెలలే. గుంట తవ్వి నూరుకు పైగా గుడ్లు పెట్టి, పూడ్చి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోతుంది. పిల్లలు బయటికి రావడానికి నెలన్నర నుంచి రెండు నెలలు పడుతుంది. ఇసుక వేడిగా ఉంటే ఆడవి, చల్లగా ఉంటే మగవి పుడతాయి. ఇది విన్నాక పెద్దపిల్ల ఇసుక మీద అరచెయ్యి పెట్టి చాలాసేపు ఆలోచించింది. కొంచెం దూరంలో చచ్చిన తాబేలు కూడా ఉంది. పిల్లల కళ్లు మూయాలనిపించింది గానీ మూయలేదు. తాబేలుకూ ఊపిరి పీల్చడానికి పైకి రావాలి. మరబోటు వలలో చిక్కితే రాలేదు. ఉన్నది ఉన్నట్టు చెబితే పిల్లలు అర్థం చేసుకుంటారు.

కాళ్లు అలిసినప్పుడు కథ కావాలి. వెనక్కి తిరిగి దక్షిణం వైపు చూపిస్తాం. అటు మోటుపల్లి. కాకతీయుల ఓడరేవు. తుఫానులో ఓడ పగిలి సరుకు ఒడ్డుకు కొట్టుకొస్తే పూర్వపు రాజులు అంతా లాగేసుకునేవారు. గణపతిదేవుడు 1244 ప్రాంతంలో శాసనం వేయించి, ఇకమీదట ఏర్పరచిన సుంకం తప్ప మరేమీ ముట్టుకోమని సముద్రవర్తకులకు మాటిచ్చాడు. ఆ అభయశాసనం ఇప్పటికీ అక్కడి వీరభద్రుడి గుడిలో ఉంది. చందనం, కర్పూరం, పన్నీరు, దంతం, పగడాలు, మిరియాలు, ఇలా సరుకుల పేర్లూ సుంకాలూ అందులో చెక్కారు. తర్వాత మార్కోపోలో ఈ దేశం గురించి రాశాడు. సాలెగూడంత సన్నటి బట్టల్ని పొగిడాడు. పాముల లోయలోకి మాంసం ముక్కలు విసిరితే వాటికి అంటుకున్న వజ్రాల్ని గద్దలు మోసుకొచ్చేవన్న కథా చెప్పాడు. బట్టల మాట నమ్మొచ్చు, పొద్దున ఆ మగ్గం మనం చూశాం కదా. గద్దల కథే చిన్నాడికి నచ్చింది.

"ఆ ఓడల్లో మిరపకాయలు కూడా వచ్చాయా?" అంది పెద్దపిల్ల.

రాలేదు. అప్పటి కారమంతా మిరియాలదే. మిరప అమెరికా ఖండపు మొక్క. పోర్చుగీసు ఓడలు మన దేశానికి దారి పట్టాకే వచ్చింది. దాన్ని చూడాలంటే ఇప్పుడు సముద్రానికి వీపు తిప్పాలి.

వాడరేవులో భోజనం, చీరాలకు ఆటో, అక్కడి నుంచి పర్చూరు బస్సు. కొమ్మమూరు కాలువ దాటుతాం. కృష్ణ నీళ్లను పెదగంజాం దాకా తెచ్చి బకింగ్‌హామ్ కాలువలో కలిపే కాలువ. ఒకప్పుడు పడవలు దీని మీదుగానే మద్రాసు పోయేవి. వరి మాగాణి వెనకబడ్డాక నేల నల్లబడుతుంది. దిగి చేలగట్ల మీద నడుస్తాం. రేగడి నెర్రెల్లోకి చిన్నాడు పుల్లలు వేసి లోతు చూస్తున్నాడు. ఒకవైపు శనగ, ఒకవైపు ఆఖరి తీత మిగిలిన పత్తి. కాయ చిట్లిన చోట పత్తి లాగితే వేళ్లకు గింజ తగులుతుంది, పొద్దున మగ్గం మీద చూసిన నూలు మొదలు అదే.

ముందు తుమ్ములు, తర్వాత ఎరుపు. మిరప కల్లం దగ్గర్లోనే ఉందని ముక్కు ముందే చెప్పింది. అర ఎకరం మేర కాయలు ఆరబోసి ఉన్నాయి. ఆడవాళ్లు గుడ్డ ముక్కుకు కట్టుకుని వరసగా కూర్చుని తాలుకాయలు ఏరుతున్నారు. రంగు చెడి తెల్లబారిన కాయ టిక్కీలో, అంటే మిరప బస్తాలో, కలిస్తే గుంటూరు యార్డులో ధర పడిపోతుంది. సాయంత్రమైతే మంచు తగలకుండా పట్టాలు కప్పాలి, పొద్దున తీయాలి, మధ్యలో తిరగేయాలి. మబ్బు పట్టిందంటే ఇంటిల్లిపాదీ ఇక్కడే.

"గింజల్లోనే కదా కారం?" అని అడిగితే రైతు కాయ చీల్చి చూపించాడు. గింజలు అంటుకుని ఉన్న తెల్లటి ఈనె ఉంది చూశారూ, అసలు ఘాటు అక్కడ. చిన్నాడు దాన్ని వేలితో ముట్టుకున్నాడు.

"ఆ చేత్తో కళ్లు నులుముకోమాకయ్యో!" తాలుకాయలు ఏరుతున్న ఒకామె కేక పూర్తయ్యేలోగా పని అయిపోయింది. కంటికి చల్లటి నీళ్లు ధారగా పోసి, చేతికి నూనె రాసి సబ్బుతో కడిగారు. ఒట్టి నీళ్లకు చేతి మంట వదలదు, నూనెకే వదులుతుంది. ఏడుపు ఆగేసరికి ఆమె జాడీ మూత తీసి, "బస్సుకింకా టైముందిగా, కొరివికారం నంజుకుని రెండు ముద్దలు తినిపోండి" అంది. చెయ్యి చాపింది మొదట వాడే.