మాదాపూర్ పాత ఊళ్లో ఫ్యూజు బోర్డు దించిన రోజు

ఆదివారం పొద్దున్నే సైబర్ టవర్స్ దగ్గర ఆటో దిగండి. వారమంతా హారన్లతో మోగే కూడలిని ఈ ఒక్క పూట నడిచి దాటొచ్చు. 1998 నవంబరు 22న ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించిన గుండ్రటి భవనం మీ వెనకుంది. మీరు వెళ్లాల్సింది చుట్టూ లేచిన అద్దాల మేడల్లోకి కాదు, మాదాపూర్ పాత ఊరి సందుల్లోకి. నాలుగు మలుపులు తిరిగేసరికి ఆకాశం సన్నబడుతుంది. తలమీద ఇంటర్నెట్ తీగలు, కేబుల్ టీవీ తీగలు, సర్వీసు వైర్లు కలిసిపోయి ఏది దేనిదో తెలియకుండా వేలాడుతుంటాయి. ప్రతి రెండో గేటుకూ హాస్టల్ బోర్డో టు లెట్ బోర్డో ఉంటుంది.

మీరు ఆగాల్సిన ఇల్లు ఇదే. కింది అంతస్తు చుట్టూ బండలూ చెలకలూ ఉన్న రోజుల్లో కట్టింది. పైమూడూ ఐటీ వచ్చాక ఒకదాని తర్వాత ఒకటి లేచాయి. కింద ఇంటి పెద్దమ్మ ఉంటుంది. పైన గదుల్లో కుర్రాళ్లు అద్దెకుంటారు. కొందరు సాఫ్ట్‌వేరు, ఇద్దరు డెలివరీ పని, ఒకడు ఇంకా కోచింగులో ఉన్నాడు.

మెట్ల కిందికి వంగి చూడండి. గోడకు టేకు పలక, దాని మీద ఇనప డబ్బా మెయిన్ స్విచ్, పక్కన వరసగా తెల్లటి పింగాణీ ఫ్యూజులు. తెలుపు అనడమే గానీ రెండింటి అంచులు గోధుమరంగుకు తిరిగాయి, ఒకదాని మీద మసి నాలుక చాచినట్టు గోడ మీదికి పాకింది. ముక్కు దగ్గర పెడితే కాలిన వాసన వస్తుంది. పలక పక్కనే మీటరు మాత్రం కొత్తది, ఎలక్ట్రానిక్‌ది. మీటరు దాకా విద్యుత్ పంపిణీ సంస్థ (డిస్కం) బాధ్యత, కాబట్టి వాళ్లు మారుస్తూ వచ్చారు. మీటరు దాటినాక అంతా ఇంటివాళ్లది, కాబట్టి ఎవరూ ముట్టుకోలేదు. 1999లో పాత విద్యుత్ బోర్డును విడగొట్టి కంపెనీలు చేశారు, 2014లో రాష్ట్రమే రెండైంది. ఈ పలక మాత్రం తన మేకుల మీదే ఉంది.

దాన్ని దించడానికి ఎలక్ట్రీషియన్ వచ్చేశాడు. వారంలో ఆరు రోజులు ఆయన ఆ అద్దాల మేడల్లో ఒకదాని ప్యానెల్ రూములో షిఫ్టు చేస్తాడు. అక్కడ కాళ్ల కింద రబ్బరు చాప ఉంటుంది, ఎవరైనా లోపల పనిచేస్తుంటే బ్రేకరుకు తాళం వేసి చీటీ కడతారు, ఏ జాయింటు వేడెక్కుతోందో చూడటానికి థర్మల్ కెమెరా తెస్తారు. ఆదివారం ఈ సందుల్లోకొస్తే కాళ్ల కింద తడి గచ్చు.

"గిది ఎప్పటి సంది ఉందమ్మా?"

"మా ఇంటాయన పెట్టించిండు బిడ్డా. కరెంటు పోతే ఆయనే ఫ్యూజు పీకి వైరు కట్టేటోడు. ఆయన పోయినంక పిలగాండ్లే కట్టుకుంటున్నరు."

ఏం కడుతున్నారో చూపిస్తాడు. మెయిన్ స్విచ్ దించి ఫ్యూజు లాగి మీ అరచేతిలో పెడతాడు. పింగాణీ మీద 32 ఆంపియర్లు అని అచ్చుంది. అక్కడుండాల్సింది లెక్కప్రకారం సన్నటి ఫ్యూజు తీగ. ఉన్నది మాత్రం ఎక్కడో మిగిలిన కేబులు ముక్కలోంచి లాగిన రాగి పోచలు, రెండు కలిపి మెలిపెట్టినవి. సరైన తీగ వేసినా ఈ రకం ఫ్యూజు కరగాలంటే దాని లెక్కకు దాదాపు రెట్టింపు కరెంటు కావాలి. ఈ మెలితిప్పిన రాగి కరిగేలోపు గోడలోని వైరే కాలుతుంది. ఫ్యూజు ఊరికే పోతోందని విసుక్కుని లావు తీగ కట్టినప్పుడల్లా ఆ ఇంటికున్న ఒకే ఒక్క కాపలా పోయిందన్నమాట. ఈ మాట నేను ఎన్ని ఇళ్లలో చెప్పినా చాలదనిపిస్తుంది.

ఫ్యూజు మళ్లీ పెట్టి, మెయిన్ ఎత్తి, కరెంటు కొలిచే టాంగ్ టెస్టరు ఆర్, వై, బీ అనే మూడు ఫేజు తీగల చుట్టూ ఒక్కొక్కటిగా వేస్తాడు. స్నానాల వేళ ఇంకా అయిపోలేదు. వై మీద 12 ఆంపియర్లు, బీ మీద 9. ఆర్ మీద 41. పైమూడు అంతస్తులూ లేచినప్పుడల్లా ఎవరికి ఏ తీగ అందితే దానికే తగిలించారు. రెండు కిలోవాట్ల గీజరు ఒక్కటే దగ్గర దగ్గర తొమ్మిది ఆంపియర్లు లాగుతుంది. నాలుగు గీజర్లు ఒకేసారి వేస్తే మీరే లెక్కేసుకోండి. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుంది. కింది అంతస్తులో వేసింది ఆ రోజుల అల్యూమినియం వైరు. దాని మీద పొర పట్టి, వేడికి సాగి, చల్లబడి ముడుచుకుని, స్క్రూ కింద కొద్దికొద్దిగా వదులవుతూ వచ్చింది. గోడ మీది మసి అలా పుట్టింది.

ఆ మసి పాకిన దారిని కళ్లతో వెంబడించండి. అది మెట్ల అడుగు పలకల వైపే వెళ్తోంది. పైన పడుకునేవాళ్లందరికీ దిగడానికున్న దారి ఆ మెట్లొక్కటే. 2025 మే 18న, అదీ ఆదివారమే, చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో పాత ఇంటి కింది భాగంలో పుట్టిన మంటకు ఒకే కుటుంబంలో 17 మంది పోయారు, వాళ్లలో పసిపిల్లలున్నారు. షార్ట్ సర్క్యూటే కారణమని అగ్నిమాపక అధికారులు మొదట్లోనే చెప్పారు. ఆ వార్త చదివిన రాత్రి ఎంతమంది తమ మెట్ల కింద టార్చి వేసి చూసుకున్నారో అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

లైన్‌మన్ వచ్చి స్తంభం దగ్గర ఇంటి సర్వీసు తీశాడు. మీటరు సీలు బయటి ఎలక్ట్రీషియన్ ముట్టుకోకూడదు, అందుకే ఈ పని ముందే అడిగి ఖాయం చేసుకున్నారు. ఫ్యాన్లన్నీ ఆగాయి. పైనుంచి కుర్రాళ్లు ఒక్కొక్కరే దిగొస్తున్నారు. మీరు అనుకుంటారు, ఇక కరెంటు లేదు కదా అని. ఎలక్ట్రీషియన్ అనుకోడు. టెస్టు ల్యాంపు తీసి ఒక్కో తీగకూ ఆనిస్తాడు. మూడు చీకటి. నాలుగోది వెలిగింది.

"పైన ఇన్వర్టర్ ఎవరిది?"

రెండో అంతస్తు కుర్రాడు పరుగెత్తాడు. సరఫరా పోగానే ఇన్వర్టర్ బ్యాటరీలోంచి 230 వోల్టులు తయారుచేసి అదే తీగల్లోకి పంపుతుంది. బయట స్తంభం చచ్చినా లోపలి తీగ బతికే ఉంటుంది. ఇన్వర్టర్ ఆపి, బ్యాటరీ తీగ కూడా ఊడదీయించి, మళ్లీ ల్యాంపు ఆనించి, అప్పుడు గానీ పలక మీద చెయ్యి వెయ్యలేదు.

మేకులు వదిలేసరికి పలకతో పాటు సున్నం పెచ్చులూ సాలెగూళ్లూ రాలాయి. వెనక వైపు తిప్పి చూపిస్తే తీగల తొడుగు వేలితో ముట్టుకుంటే పొడి అవుతోంది. పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తోంది. అమెరికాలో పాత ఇల్లు కొన్న మేనల్లుడి సంగతి ఎత్తింది. "కరెంటు డబ్బా మారిస్తెనే ఇల్లు కొనమన్నరంట వాళ్లకు." నిజమే. న్యూజెర్సీ ఎడిసన్ చుట్టుపక్కల పాత ఇళ్లు కొనే మనవాళ్లలో చాలామందికి ఫెడరల్ పసిఫిక్ పేరు పరిచయం. 1950ల నుంచి 1980ల దాకా అక్కడి ఇళ్లలో పెట్టిన ఆ కంపెనీ స్టాబ్‌లాక్ బ్రేకర్లు లోడు మించినా పడవన్న ఫిర్యాదులొచ్చాయి. భద్రతా పరీక్షల విషయంలో కంపెనీ మోసం చేసిందని న్యూజెర్సీ కోర్టే తేల్చింది. అక్కడ ఇల్లు చేతులు మారేటప్పుడు తనిఖీకి వచ్చినవాడు ముందు ఆ డబ్బా తెరుస్తాడు. మన దగ్గర టైల్సు చూస్తారు, వాస్తు చూస్తారు, మెట్ల కిందికి వంగరు.

కొత్త డిస్ట్రిబ్యూషన్ బోర్డు (డీబీ) ట్రూప్ బజార్ నుంచి తెచ్చింది, రేకు డబ్బా. అది గోడకెక్కేలోపు గేటు పక్కకు రండి. నిన్న తవ్విన ఎర్తు గుంత అక్కడుంది. ఈ నేలలో రెండడుగులు దిగితే రాయే, తవ్వడానికి రోజంతా పట్టింది. పాత ఎర్తు తీగ మట్టిలోపల ఎప్పుడో తుప్పుపట్టి తెగిపోయింది, అంటే ఇన్నాళ్లూ ఇంట్లో ప్రతి మూడు పిన్నుల ప్లగ్గులో పైపిన్ను ఊరికే ఉంది. ఇప్పుడు గాల్వనైజ్డ్ పైపు దించి చుట్టూ బొగ్గూ ఉప్పూ పొరలుగా నింపారు.

లోపల తీగలు కొత్తవి లాగడం మధ్యాహ్నం దాకా సాగింది. గీజర్లకు రెండున్నర ఎంఎం, ఏసీలకు నాలుగు ఎంఎం. ఒక్కో తీగ చివర లగ్గు నొక్కి, బిగించి, కాసేపాగి మళ్లీ బిగిస్తాడు. మూడు ఫేజుల మీద అంతస్తులు పంచి, ఒక్కో సర్క్యూట్‌కూ లోడు మించితే పడిపోయే బ్రేకరు, అంటే ఎంసీబీ, పెట్టాడు. అప్పుడే ఒక కుర్రాడు అడిగాడు.

"అన్నా, గీజరుకి పదహారు ఎందుకు, ముప్ఫై రెండు వెయ్యొచ్చుగా? మాటిమాటికీ పడిపోకుండా ఉంటది."

"తమ్మీ, ఎంసీబీ నీ గీజరును చూసి వెయ్యరు, గోడల ఉన్న వైరును చూసి వేస్తరు. ముప్ఫై రెండు వేస్తే వైరు కాలినా గిది పడదు. గా పాత ఫ్యూజుల మీరు కట్టిందేంది మరి?"

ఈ జవాబు దగ్గర కాసేపు ఆగాలి. ఈ ఐటీ కారిడారులో పింగాణీ ఫ్యూజులు తీసి ఎంసీబీలు పెట్టిన ఇళ్లు ఎన్నో ఉన్నాయి. వాటిలో చాలా డబ్బాలు తెరిచి చూస్తే వైరు భరించేదానికి మించిన ఎంసీబీలే కనిపిస్తాయి. డబ్బా కొత్తది, లోపలున్నది పాత ప్రమాదమే. ఖర్చుపెట్టి మార్పిస్తున్నప్పుడు ఒక్కో మీట కింద ఏ సైజు వైరుందో అడిగి కాగితం మీద రాయించుకోండి. చెప్పలేనివాడితో పని చేయించకండి.

ఎంసీబీలకు పైన ఫేజుకొకటి చొప్పున ఆర్‌సీసీబీలు పెట్టాడు, 30 మిల్లీ ఆంపియర్లవి. వెళ్లిన కరెంటూ తిరిగొచ్చిన కరెంటూ సమానమా కాదా అని చూడటమే దాని పని. సాయంత్రం గల్లా లెక్క సరిచూసే కొట్టు యజమాని లాంటిది. తేడా వచ్చిందంటే ఆ కరెంటు నేలలోకో మనిషిలోకో పోతోందని అర్థం, సెకనులో మూడో వంతు కూడా గడవకముందే తెంచేస్తుంది. ఎంసీబీకి ఈ తేడా కనిపించదు. మనిషి ప్రాణం తీయడానికి ఒక ఆంపియరులో చిన్న ముక్క చాలు, పదహారు ఆంపియర్ల ఎంసీబీకి అది లెక్కలోకే రాదు. చిన్న లోడు కనెక్షన్లు తప్ప మిగతావాటికి ఈ రక్షణ ఉండాలని 2010లోనే కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధన పెట్టింది. ఆ సంగతి ఈ సందుల్లోకి ఎవరూ మోసుకురాలేదు.

లైన్‌మన్ సరఫరా ఇచ్చాడు. ఎలక్ట్రీషియన్ మెయిన్ ఎత్తి, ముందు లైట్ల ఎంసీబీలు మాత్రం ఎత్తాడు. వై ఫేజు ఆర్‌సీసీబీ టక్కున పడింది. ఎత్తాడు, పడింది. కుర్రాళ్లు నవ్వారు, కొత్త సామాను నాసిరకమని ఒకడన్నాడు. ఆయన మాట్లాడకుండా రెండో అంతస్తు న్యూట్రల్ తీగలు విప్పాడు. ఒక గది లైట్లు తమ న్యూట్రల్‌ను పక్క ఫేజు సర్క్యూట్ నుంచి తెచ్చుకుంటున్నాయి, వెళ్లేది ఒక దారి, తిరిగొచ్చేది ఇంకో దారి. వేరు చేసి కట్టాక ఆర్‌సీసీబీ నిలబడింది.

మిగతా ఎంసీబీలు ఒక్కొక్కటే ఎత్తుకుంటూ పోతున్నాడు. ఫ్యాన్లు, ఏసీ. రెండో అంతస్తు గీజరు మీట ఎత్తగానే మళ్లీ టక్కుమంది.

మీరూ ఆయన వెనకే మెట్లెక్కండి. ఇరుకు బాత్రూము, గోడకు గీజరు, కింద బకెట్టు. ప్లగ్గు లాగి, ఇన్సులేషను పరీక్షించే మెగ్గరు తీగలు గీజరు పిన్నుకూ ఒంటికీ తగిలించి మీట నొక్కాడు. ముల్లు సున్నా దగ్గరే ఉండిపోయింది. ఎలిమెంటు పగిలి నీళ్లలోకి కరెంటు దిగుతోంది. ఇన్నాళ్లూ దిగుతూనే ఉంది, ఆపేది ఏదీ లేదు.

"ట్యాపు ముట్టుకుంటే ఏమన్న అనిపిస్తుండెనా తమ్మీ?"

ఆ గది కుర్రాడిది శ్రీకాకుళం వైపు. "కొంచెం జివ్వుమనేదన్నా. చలికాలం కదా అనుకున్నాను. తర్వాత అలవాటైపోయింది. చెప్పులేసుకుని చేసేవాణ్ని."

పెద్దమ్మ మెట్ల మీదే కూర్చుండిపోయింది. "నాకు చెప్పొద్దారా బిడ్డా?" అంది. కుర్రాడు చెప్పాలనిపించలేదన్నాడు. అద్దె ఇల్లు కదా, ఫిర్యాదు చేస్తే ఖాళీ చెయ్యమంటారేమోనని భయం.

గీజరు ప్లగ్గు కోసేసి ఎలక్ట్రీషియన్ సంచిలో వేసుకున్నాడు, ఎవరూ మళ్లీ పెట్టకుండా. కిందికొచ్చి డబ్బా తలుపు లోపల మార్కరుతో ఏ మీట ఏ గదిదో రాశాడు. ఆర్‌సీసీబీ మీది చిన్న టెస్టు బటను కుర్రాళ్లందరిచేతా ఒక్కొక్కసారి నొక్కించాడు. నెలకోసారి నొక్కండి, పడకపోతే ఆ రోజే నాకు ఫోన్ చెయ్యండి అని తన నంబరు కూడా అక్కడే రాశాడు.

"మరి పొద్దున స్నానం ఎట్లా అన్నా?" శ్రీకాకుళం కుర్రాడు.

"రేపు సాయంత్రం డ్యూటీ దిగి కొత్త ఎలిమెంటు తెస్త. రేపొక్క పొద్దు కింద అమ్మ దగ్గర పొయ్యి మీద కాచుకో."

"గిన్నె పెద్దది ఉంది, ఆరింటికి రా," అంది పెద్దమ్మ. ఎలక్ట్రీషియన్ అప్పటికే సంచి భుజాన వేసుకుని పక్కింటి మెట్ల కింద టార్చి వేస్తున్నాడు.